కోర్టు దిగి మైకు పట్టాక: తెలుగు నెట్‌బాల్ కామెంటరీలో నా అనుభవం

నెట్‌బాల్ అంటే జట్టుకి ఏడుగురు, బంతిని పాస్‌లతోనే ముందుకి చేర్చి ఎత్తైన రింగులో వేసే ఆట. ఇందులో బంతి చేతికందాక మూడు సెకన్లే గడువు. పాస్ అయినా షాట్ అయినా ఆలోపు వదిలేయాలి. మంచి జట్లు ఆ మూడు సెకన్లు కూడా వాడుకోవు, ఒకటిన్నరలోనే వదిలేస్తాయి. ఆడిన రోజుల్లో ఈ లెక్క కాళ్లదీ చేతులదీ. మైకు ముందు కూర్చున్నాక నాలుకది అయింది. "సెంటర్ ఆడుతున్న అమ్మాయి ఎడమవైపు ఖాళీగా ఉన్న వింగ్ అటాక్‌కి బంతిని అందించింది" అని వాక్యం ముగించేసరికి బంతి వింగ్ అటాక్‌ని దాటి, షూటర్ చేతుల్లోంచి లేచి, నెట్‌లోంచి కింద పడుతూ ఉంటుంది. తెలుగు వాక్యానికి క్రియ చివర్లో కదా, ఆట దానికోసం ఆగదు. భారత జట్టుకు ఆడి, ఆ తర్వాత హైదరాబాద్‌లో తెలుగు కామెంటరీకి వచ్చిన నాకు మొదట తగిలిన చిక్కు ఆటలో లేదు, వ్యాకరణంలో ఉంది.

విరుగుడు సులువే: క్రియ మానేయడం. విభక్తులున్నాయిగా, అవి చాలు. "సెంటర్ నుంచి... వింగ్‌కి... మళ్లీ సెంటర్‌కే... సర్కిల్‌లోకి..." (సర్కిల్ అంటే రింగు ముందున్న అర్ధవృత్తం.) నుంచి, కి, లోకి, మీదుగా. ఈ నాలుగింటితో బంతి ప్రయాణమంతా చెప్పేయొచ్చు. క్రియని మూడు చోట్లకే దాచుకుంటాను: బంతి చేజారినప్పుడు, విజిల్ పడినప్పుడు, షాట్ వేసినప్పుడు. షాట్ దగ్గరికొచ్చేసరికి మన వాక్యమే మనకి చుట్టమవుతుంది. "ఎత్తింది... వదిలింది... రింగు అంచున..." అని ఆగి, బంతి లోపలికి జారాక "పడింది!" అంటే చూసే కన్నూ వినే చెవీ ఒకేసారి ఆ మాట దగ్గరికి చేరతాయి.

ఆ "పడింది" మాత్రం తొందరపడి అనకూడదు. కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. రింగు 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది, లోపలి వ్యాసం 38 సెంటీమీటర్లు. బంతి చుట్టుకొలత 69 నుంచి 71 సెంటీమీటర్లు, అంటే వ్యాసం 22 దాకా. అన్నివైపులా కలిపి మిగిలే సందు 16 సెంటీమీటర్లు. బాస్కెట్‌బాల్‌లా వెనక బోర్డు ఉండదు, రింగు స్తంభానికి 15 సెంటీమీటర్లు ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, అంతే. బోర్డుకి కొట్టి లోపలికి మళ్లించే అవకాశం లేదు కాబట్టి షూటర్లు బంతిని బాగా పైకి ఎత్తి వేస్తారు. అది నిలువుగా దిగి, రింగు అంచు మీద ఒక గిరికీ కొట్టి, లోపలికైనా పడుతుంది బయటికైనా దొర్లుతుంది. ఆ గిరికీ పూర్తయ్యేదాకా నోరు మూసుకోవాలి. అర సెకను ఆలస్యమైతే ఎవరూ పట్టించుకోరు. గోల్ అని అరిచాక బంతి బయటపడితే మాత్రం ఆ మ్యాచ్‌లో మళ్లీ మన మాట నమ్మరు.

బోర్డు లేకపోవడం వల్ల ఇంకో సంగతి. తప్పిన బంతి దూరంగా ఎగరదు, స్తంభం చుట్టుపక్కలే పడుతుంది. అందుకే షాట్ గాలిలో ఉండగా నేను బంతిని చూడను, గోల్ కీపర్ (షూటర్‌ని కాసే డిఫెండర్) నడుము ఏ వైపు తిరిగి ఉందో చూస్తాను. తప్పితే తర్వాతి పేరు ముందే నాలుక మీద సిద్ధంగా ఉంటుంది. ఆడినవాళ్లకి ఇది అలవాటుగా వస్తుంది. ఆడనివాళ్లు నేర్చుకోవడానికి ఒక సీజన్ పడుతుంది.

ఇక వేగం లెక్క. 2023లో కేప్‌టౌన్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో ఆస్ట్రేలియా 61, ఇంగ్లండ్ 45. నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి 15 నిమిషాలు. 60 నిమిషాల్లో 106 గోల్స్, అంటే సగటున 34 సెకన్లకొకటి. ఆ 34 సెకన్లలోనే గోల్ చెప్పాలి, స్కోరు చెప్పాలి, తర్వాతి సెంటర్ పాస్ (గోల్ పడ్డాక మధ్య వృత్తం నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టే పాస్) ఎవరిదో చెప్పాలి, పక్కన కూర్చున్న విశ్లేషకురాలికి సందివ్వాలి. గోల్ పడ్డాక గడియారం ఆగదు. బంతి మధ్య వృత్తానికి చేరి అంపైర్ విజిల్ వేసేదాకా పది సెకన్ల లోపే దొరుకుతుంది. విశ్లేషణంతా అందులోనే ఇమడాలి. ఇద్దరం కూర్చున్నప్పుడు మా ఒప్పందం ఒకటే: బంతి ఆటలో ఉంటే ప్రధాన వ్యాఖ్యాత, గోల్ నుంచి విజిల్ దాకా విశ్లేషకురాలు. విజిల్ పడిన క్షణాన వాక్యం సగంలో ఉన్నా తుంచేయాలి. మాజీ ఆటగాళ్లకి ఇదే కష్టం. చెప్పాల్సింది కొండంత ఉంటుంది, చోటేమో పది సెకన్లు. అలా మిగిలిపోయిన మాటలు కాగితం మీద రాసి పెట్టుకుంటే క్వార్టర్ విరామంలో పనికొస్తాయి.

ఏది ముందు చెప్పాలంటే, నా దృష్టిలో స్కోరు కంటే సెంటర్ పాస్. గోల్ ఎవరు వేసినా సెంటర్ పాస్ ఒకసారి వీళ్లది, ఒకసారి వాళ్లది. క్వార్టర్ మారినా ఆ వరుస మారదు. కాబట్టి ఇరుజట్లూ తమ తమ సెంటర్ పాస్‌ని గోల్‌గా మార్చుకుంటూ పోతే తేడా అక్కడక్కడే ఊగుతుంది. ఒక గోల్ ముందున్న జట్టుకి తర్వాతి సెంటర్ పాస్ కూడా తనదే అయితే లెక్కకి రెండు ముందున్నట్టు. అవతలివాళ్లదైతే ఆట సమంగా ఉన్నట్టే. సెంటర్ పాస్ చేజారి అవతలి జట్టు గోల్ కొడితే నష్టం ఒకటి కాదు: రావాల్సిన గోల్ రాలేదు, పోకూడని గోల్ పోయింది. పైగా తర్వాతి సెంటర్ పాస్ వాళ్లదే. ఈ ఒక్క ముక్క మొదటి క్వార్టర్లో ప్రేక్షకుడి చెవిన వేస్తే మిగతా మ్యాచ్ వాళ్లే చదువుకుంటారు. "నలభై ఒకటి, నలభై, పాస్ అవతలివాళ్లది" అనగానే ఇంట్లో కూర్చున్నవాళ్లు ముందుకి వంగుతారు.

స్కోరు ప్రతి గోల్‌కీ పూర్తిగా చదవనక్కర్లేదు. టీవీలో అంకెలు కనిపిస్తూనే ఉంటాయి. "యాభై రెండు, యాభై ఒకటి" అనడానికి పట్టే సమయంలో సెంటర్ పాస్ అయిపోతుంది. మూడు గోల్స్‌కి ఒకసారి మొత్తం స్కోరు, మధ్యలో తేడా మాత్రం: "మూడు ముందు", "రెండుకి దిగింది". బొమ్మ లేని ప్రసారమైతే మాత్రం ప్రతి గోల్‌కీ చెప్పాల్సిందే.

మనిషిని గుర్తుపట్టడం ఇంకో తలనొప్పి. నెట్‌బాల్‌లో వీపు మీద అంకె ఉండదు, స్థానం అక్షరాలే ఉంటాయి: జీఎస్ (గోల్ షూటర్), జీఏ (గోల్ అటాక్), డబ్ల్యూఏ (వింగ్ అటాక్), సీ (సెంటర్), డబ్ల్యూడీ (వింగ్ డిఫెన్స్), జీడీ (గోల్ డిఫెన్స్), జీకే (గోల్ కీపర్). విరామంలో ఇద్దరు స్థానాలు మార్చుకుంటే ఆ అక్షరాలున్న పైతొడుగులు, అంటే బిబ్బులూ మారతాయి. మొదటి క్వార్టర్లో జీఏగా చూసిన అమ్మాయి రెండోదానిలో డబ్ల్యూఏ. అక్షరాన్ని నమ్ముకుంటే తప్పు పేరు చెప్పడం ఖాయం. పైగా "డబ్ల్యూడీ" అని నోరు తిరిగేలోపు బంతి సర్కిల్ దగ్గరుంటుంది. పేరు పిలవడమే మేలు. ఆట మొదలవడానికి ఇరవై నిమిషాల ముందే చేరి, వార్మప్‌లో ఒక్కొక్కరికీ ఒక గుర్తు రాసుకుంటాను: పసుపు బూట్లు, కుడి మోకాలికి పట్టీ, జడ ఎటు ఊగుతుంది, ఎడంచేతి వాటమా. మొహాలు రాసుకోను, పైనుంచి మొహాలు కనపడవు.

ఎవరు ఎక్కడ ఆడుతున్నారో గుర్తుంచుకోవడానికి ముందు పెట్టుకునే నా పలక సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి వివరంగా చెప్తాను. అసలు కోర్టు 30.5 మీటర్ల పొడవు, 15.25 మీటర్ల వెడల్పు. సరిగ్గా రెండుకి ఒకటి. ఏ4 కాగితం అడ్డంగా పెట్టి 24 సెంటీమీటర్లు, 12 సెంటీమీటర్ల పెట్టె గీస్తే కొలత కుదిరిపోతుంది. 8 సెంటీమీటర్లకొక అడ్డగీత, దాంతో మూడు భాగాలు. అసలు గోల్ సర్కిల్ 4.9 మీటర్ల వ్యాసార్ధపు అర్ధవృత్తం, కాగితం మీద 3.9 సెంటీమీటర్లు. దాన్ని లామినేషన్ చేయిస్తే గట్టిపడుతుంది. ఆటగాళ్లకి కోఠి సుల్తాన్ బజార్‌లో దొరికే బొట్టుబిళ్లలు, పెద్ద సైజువి. ఒక జట్టుకి ఎరుపు, ఇంకో జట్టుకి ఆకుపచ్చ, జట్టుకి 12 చొప్పున. ఏడుగురు కోర్టు లోపల, మిగతా ఐదుగురు అంచు మీద. మఖమల్ బిళ్లలు వద్దు, వాటి మీద ఇంకు పాకుతుంది. నున్నటి ప్లాస్టిక్ బిళ్ల మీద పర్మనెంట్ మార్కర్‌తో పేరులో మొదటి అక్షరం రాయాలి, తెలుగులోనే. ఇద్దరికి ఒకే అక్షరం వస్తే రెండో అక్షరం కూడా. విరామంలో మార్పులు ప్రకటించగానే బిళ్ల పీకి కొత్త చోట అంటించడమే, కొట్టివేతలుండవు. రెండు మూడు మ్యాచ్‌ల తర్వాత పలక జిగురు పడుతుంది. కొబ్బరినూనె రెండు చుక్కలతో తుడిస్తే పోతుంది.

ఎవరు ఎక్కడ తిరగొచ్చో కూడా అదే పలక చెబుతుంది. షూట్ చేసే హక్కు జీఎస్‌కి, జీఏకి మాత్రమే, అదీ సర్కిల్ లోపలి నుంచే. సెంటర్ రెండు సర్కిళ్లు తప్ప కోర్టంతా తిరుగుతుంది. గీత సంగతి చెప్పేటప్పుడు మనవాళ్లకి తొక్కుడుబిళ్ల గుర్తొస్తుంది, గీత తొక్కితే అవుట్ అనుకుంటారు. ఇక్కడ అలా కాదు. మూడు భాగాల్ని విడదీసే అడ్డగీత రెండు వైపులకీ చెందుతుంది. దాని మీద పాదం ఉంటే తప్పు లేదు, దాటితేనే ఆఫ్‌సైడ్. గోల్ సర్కిల్ గీత మాత్రం సర్కిల్‌దే. వింగ్ అటాక్ బొటనవేలు దానికి తగిలినా ఆఫ్‌సైడే. ఈ తేడా తెలియక "అన్యాయంగా ఇచ్చారు" అని మైకులో అనేసినవాళ్లున్నారు.

మాజీ ఆటగాళ్లకి నియమాలు తెలుసనే భ్రమ ఉంటుంది. నాకూ ఉండేది. ఆడేటప్పుడు మన స్థానానికి కావాల్సినవి మాత్రమే తెలుస్తాయి. నేను ఆడింది వింగ్ డిఫెన్స్. షూటింగ్ సర్కిల్‌లో అడుగే పెట్టని స్థానం. షూటర్ మీద అబ్‌స్ట్రక్షన్ ఎప్పుడు ఇస్తారో, పెనాల్టీ తర్వాత ఎవరెక్కడ నిలబడాలో నోటికి రాదు. అందుకే కామెంటరీకి రావాలనుకునే అమ్మాయిలకి నేను చెప్పే మొదటి మెట్టు మైకు కాదు, స్కోరు బల్ల. జిల్లా టోర్నీల్లో స్కోరర్ల కొరత ఎప్పుడూ ఉంటుంది, కూర్చుంటానంటే కాదనరు. ప్రతి సెంటర్ పాస్, ప్రతి ప్రయత్నం, ప్రతి గోల్ గీతలు పెట్టుకుంటూ ఒక సీజన్ కూర్చుంటే ఆట లయ చెవికెక్కుతుంది. రెండో మెట్టు అంపైర్ల శిక్షణ. అంపైరింగ్ చేయకపోయినా పర్లేదు, పరీక్షకి చదివినంత శ్రద్ధగా నియమాల పుస్తకం ఇంకెప్పుడూ చదవం.

తికమక పెట్టే రెండు మాటలు కాంటాక్ట్, అబ్‌స్ట్రక్షన్. తగిలితే కాంటాక్ట్. తగలకుండా దగ్గరైతే అబ్‌స్ట్రక్షన్. బంతి పట్టినామె పాదం నుంచి డిఫెండర్ దగ్గరి పాదం దాకా 0.9 మీటర్లు ఉండాలి. మనవాళ్లకి "మూడడుగులు" అంటే సరిపోతుంది. ఆ మూడడుగులు వదిలాకే చేతులు చాచి అడ్డుకోవచ్చు. రెండిటికీ శిక్ష ఒకటే, పెనాల్టీ. తప్పు చేసినామె పక్కకి వచ్చి, అవతలామె బంతి వదిలేదాకా కదలకుండా, ఆటలో వేలు పెట్టకుండా నిలబడాలి. ఫుట్‌వర్క్‌కి (బంతితో తప్పుడు అడుగు), హెల్డ్ బాల్‌కి (మూడు సెకన్లు దాటి బంతి పట్టుకోవడం) ఫ్రీ పాస్ మాత్రమే, దాంతో షూట్ చేయకూడదు. విజిల్ పడగానే కారణం ఊహించి చెప్పొద్దు. అంపైర్లు ఇద్దరు, చెరో సగం చూస్తారు. చేతి సైగ వచ్చేదాకా ఒక్క సెకను "విజిల్..." అని సాగదీస్తే చాలు. ఊహించి కాంటాక్ట్ అన్నాక అబ్‌స్ట్రక్షన్ సైగ వస్తే దిద్దుకోవడానికి మూడు సెకన్లు ఖర్చు, ఆలోపు గోల్ పడిపోతుంది.

బాస్కెట్‌బాల్ మాటలు జొరబడటం ఇంకో రోగం. హైదరాబాద్ గ్రౌండ్లలో పిల్లలు ఫుట్‌వర్క్‌ని "ట్రావెలింగ్" అనే అంటారు, దాంతో నోటికి అదే వస్తుంది. డ్రిబ్లింగ్ నెట్‌బాల్‌లో లేదు, బాస్కెట్ లేదు, మూడు పాయింట్ల షాట్ మామూలు ఆటలో లేదు. ఎంత దూరం నుంచి వేసినా ఒకటే గోల్. ఫాస్ట్‌ఫైవ్ అనే పొట్టి రకంలోనూ, 2020 నుంచి ఆస్ట్రేలియా సూపర్ నెట్‌బాల్‌లోనూ దూరం షాట్‌కి ఎక్కువ పాయింట్లు పెట్టారు. ఆ మ్యాచ్‌లు చూసి అలవాటైనవాళ్లు ఇక్కడ నోరు జారతారు.

తెలుగు మాటలు వెతుక్కుంటే బోలెడున్నాయి. ఇంటర్‌సెప్ట్‌కి "గద్దలా తన్నుకుపోయింది" కంటే బాగా అతికే మాట నాకు దొరకలేదు. డిఫ్లెక్షన్ అంటే "వేలు తగిలించింది". లాబ్ పాస్ "నెత్తి మీదుగా". డాడ్జ్ "ఝలక్ ఇచ్చింది". అయితే స్థానాల పేర్లు తెలుగు చేయబోతే అభాసుపాలవుతాం. గోల్ కీపర్‌ని గోల్ కీపర్ అనే అనాలి. ఒక మాట ఒక మ్యాచ్‌లో మూడుసార్లు మించకూడదని నా నియమం, గద్ద అయినా సరే. "అద్భుతం" సంగతి చెప్పక్కర్లేదు, నేనైతే దాన్ని నాలుగో క్వార్టర్‌కి దాచుకుంటాను.

మర్యాద విషయంలో మనకి మాత్రమే ఉన్న ఇబ్బంది ఒకటుంది. ఒక క్రీడాకారిణిని "వేశారు" అంటే జట్టంతా వేసిందో ఆమె ఒక్కతే వేసిందో వినేవాళ్లకి తెలియదు. అందుకే ఒక్కరైతే "వేసింది", జట్టుగా అయితే "వేశారు". అంపైర్లకి, కోచ్‌లకి "ఇచ్చారు", "పిలిచారు". ఇలా విడదీసుకుంటే పేరు చెప్పకపోయినా ఎవరి గురించో అర్థమవుతుంది. మిక్స్‌డ్ నెట్‌బాల్‌లో ఇది వరం: "వేశాడు", "వేసింది" అనగానే సగం సమాచారం చేరిపోతుంది. పక్కనున్న సహవ్యాఖ్యాతని మాత్రం వయసెంతైనా "గారు" అనే పిలుస్తాను. బయట "ఏమే" అని పిలుచుకునే స్నేహితురాలైనా సరే. యాస సంగతంటారా, హైదరాబాద్‌లో కూర్చుని మాట్లాడుతున్నా వినేది కరీంనగర్‌లోనూ కాకినాడలోనూ. "అరె, పాయె!" అని షాట్ తప్పినప్పుడు నోట్లోంచి వస్తే రానిస్తాను. నియమాలు వివరించేటప్పుడు మాత్రం అందరికీ తెలిసిన మాటలే వాడతాను.

ఇంట్లో సాధన ఇలా. ఏదైనా పాత మ్యాచ్‌లో ఒక క్వార్టర్ పెట్టి, శబ్దం తీసేసి, ఫోన్‌లో రికార్డ్ చేస్తూ పదిహేను నిమిషాలు ఆపకుండా చెప్పాలి. తర్వాత దాన్ని కాగితం మీదికి ఎత్తాలి, అక్షరం పొల్లు పోకుండా. గంటన్నర పడుతుంది, విసుగొస్తుంది. అయినా లోపాలు బయటపడేది అక్కడే. మొదట ఊతపదాలు లెక్కపెట్టాలి: "అన్నమాట", "చూసుకున్నట్లయితే", "అని చెప్పుకోవచ్చు". "చూసుకున్నట్లయితే" అనడానికి ఒక సెకనుకి పైగా పడుతుంది, అంటే ఒక పాస్ ఖరీదు. తర్వాత ఏ జట్టు పేర్లు ఎన్నిసార్లు వచ్చాయో. ఆ తర్వాత ఏ స్థానం గురించి ఎక్కువ మాట్లాడామో. డిఫెండర్లుగా ఆడినవాళ్లం డిఫెండర్ల గురించే మాట్లాడతాం, షూటర్‌కి బంతి ఎలా చేరిందో వదిలేస్తాం. గోల్ కీపర్‌గా ఆస్ట్రేలియాకి 122 టెస్టులు (అంతర్జాతీయ మ్యాచ్‌లు) ఆడి, 2007 ప్రపంచ టైటిల్‌తో ఆట ముగించి టీవీ కామెంటరీకి వెళ్లిన లిజ్ ఎల్లిస్, ఇంగ్లండ్ నుంచి పమేలా కుకీ, ట్యామ్సిన్ గ్రీన్‌వే వంటివాళ్ల వ్యాఖ్యానాలు ఈ చెవితోనే వినాలి. వాళ్లేం చెప్పారన్నది కాదు, ఎక్కడ ఊరుకున్నారన్నది రాసుకోవాలి.

భారత్ ఆడుతున్నప్పుడు "మేము", "మనవాళ్లు" అనేది తెలియకుండానే దొర్లుతుంది. జట్టు పేరుతోనే చెప్పాలి. ఇంకోటి, బంతి పోయాక "అటు వేయాల్సింది" అనడం. అది కోచ్ మాట, అదీ ఆలస్యంగా. ఆడినవాళ్ల విలువ ముందే చెప్పడంలో ఉంది: "వింగ్ డిఫెన్స్ లోపలివైపు నిలబడింది, బయటి దారి వదిలేసింది, చూడండి" అని పాస్‌కి ముందు అంటే అది విశ్లేషణ. ఊహ తప్పినా పర్లేదు, ఎందుకు తప్పిందో చెప్పడానికి ఇంకో వాక్యం దొరుకుతుంది.

కూర్చునే చోటు. యూసుఫ్‌గూడ కోట్ల విజయభాస్కర రెడ్డి ఇండోర్ స్టేడియం లాంటి చోట అయితే మధ్య వృత్తానికి ఎదురుగా, గ్యాలరీ ఎత్తున కూర్చోవాలి. కోర్టు పక్కన బల్ల వేస్తామంటారు, ఒప్పుకోవద్దు. నేలమట్టం నుంచి చూస్తే దూరపు సర్కిల్‌లో నలుగురూ ఒకరి మీద ఒకరు పడ్డట్టుంటారు, మూడడుగుల దూరం అసలు తెలియదు. స్టూడియోలో తెర చూస్తూ చెప్పాల్సి వస్తే ఇబ్బంది వేరు. కెమెరా బంతి వెంట పోతుంది, మనకి కావాల్సింది బంతి లేని చోట ఉంటుంది. వైడ్ షాట్ వచ్చినప్పుడల్లా షూటర్ ఎక్కడుందో ఒక చూపు వేసి పెట్టుకోవాలి. తెర మీది స్కోరు పెట్టె ఒక్కోసారి ఆటకంటే వెనకబడుతుంది, కాబట్టి పలక అంచున నా గీతలు నేనే పెట్టుకుంటాను. చెవిలో ప్రొడ్యూసర్ "పది, తొమ్మిది" అని లెక్కపెడుతుండగా మాట తడబడకుండా ఉండటానికి ఒక సాధన ఉంది: ఇంట్లోవాళ్లని ఒక చెవి దగ్గర పేపర్ చదవమని, మనం మ్యాచ్ చెప్పడమే. మొదటి వారం నవ్వు ఆగదు.

గొంతు. విరామాలతో కలిపి గంటన్నర పని. పాలు పోసిన ఇరానీ చాయ్ గొంతులో జిగట పట్టిస్తుంది, ఉస్మానియా బిస్కెట్ పొడి నాలుక కింద ఇరుక్కుంటుంది. రెండూ మ్యాచ్ తర్వాతే. గోరువెచ్చని నీళ్లు లీటరు, పటికబెల్లం ముక్క, అంతే. మొదటి క్వార్టర్లోనే గొంతు పైకెత్తేస్తే నాలుగోదానికి ఎక్కడికీ పోలేం. ఆట అక్కడితో ముగుస్తుందన్న హామీ కూడా లేదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో, ప్రాచీ తెహ్లాన్ సారథ్యంలో భారత్ కూడా ఆడిన ఆ పోటీల్లో, త్యాగరాజ స్టేడియంలో ఫైనల్ రెండుసార్లు అదనపు సమయానికి వెళ్లింది. చివరికి న్యూజిలాండ్ 66, ఆస్ట్రేలియా 64. అదనపు సమయంలో ఏడేసి నిమిషాల రెండు భాగాలు ఆడతారు, అప్పటికీ సమమైతే ఎవరో ఒకరు రెండు గోల్స్ ముందుకెళ్లేదాకా ఆట సాగుతుంది. ఆ రెండు గోల్స్ తేడా సంగతి ముందే చెప్పకపోతే, ఒక గోల్ పడగానే అయిపోయిందనుకుని ప్రేక్షకులు లేచిపోతారు.

పేర్ల విషయంలో మన లిపి గొప్ప సాయం. మలావీ షూటర్ మ్వాయి కుమ్వెండా పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో చూసి తడబడేవాళ్లు తెలుగులో రాసుకుంటే ఒక్కసారికే పలుకుతారు, మ్వ మనకి కొత్త కాదుగా. శ్రీలంక షూటర్ తర్జిని శివలింగం జాఫ్నా తమిళ అమ్మాయి, 2.08 మీటర్ల ఎత్తు. 2018, 2022 ఆసియా టైటిళ్లు శ్రీలంకవే. ఆమె లాంటి షూటర్ ఉన్నప్పుడు చెప్పే తీరే మారుతుంది. బంతి నాలుగు చేతులు మారదు, సర్కిల్ అంచు నుంచి నెత్తి మీదుగా నేరుగా ఆమెకే. అప్పుడు పాస్‌లు చెప్పుకుంటూ కూర్చుంటే లాభం లేదు, స్తంభం దగ్గర జరిగే స్థలం పోరు చెప్పాలి. గోల్ కీపర్ ముందుకొచ్చిందా, వెనక నిలబడిందా, మూడడుగులు వదిలిందా అని.

చివరి నిమిషం గురించి ఒక హెచ్చరిక. సర్కిల్‌లో పెనాల్టీ ఇచ్చాక సమయం అయిపోతే ఆట అయిపోయినట్టు కాదు, ఆ షాట్ వేయనిస్తారు. సమయం అయిందని విజిల్ వినపడగానే విజేతని ప్రకటించేస్తే ఇరుక్కుంటాం. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ ఫైనల్లో హెలెన్ హౌస్‌బీ ఆఖరి క్షణంలో కొట్టిన గోల్‌తో ఇంగ్లండ్ 52-51తో ఆస్ట్రేలియాని ఓడించింది. మరుసటి ఏడాది లివర్‌పూల్ ప్రపంచకప్ ఫైనల్లో మళ్లీ అదే అంకె, 52-51, ఈసారి ఆస్ట్రేలియా మీద గెలిచింది న్యూజిలాండ్. ఇలాంటి ముగింపుల్లో అంపైర్ చేయి గోల్ సైగకి పైకి లేచేదాకా బంతి గురించి తప్ప ఇంకేమీ మాట్లాడను. లేచాక ఒకే వాక్యం, స్కోరుతో. ఆ తర్వాత ఎనిమిది, పది సెకన్లు మైకు వదిలేస్తాను, స్టేడియం శబ్దం వినపడనిస్తాను.

ఆ పది సెకన్లలో చేసే పని ఒకటుంది: పలక మీది గీతలు కూడి, అధికారిక స్కోరుతో సరిచూసుకోవడం. ముగింపు మాటలకి నలభై సెకన్లు ఇస్తారు. స్కోరు, క్వార్టర్ల వారీ తేడా, ఆట మళ్లిన ఆ ఒక్క సెంటర్ పాస్. ఎర్ర లైటు ఆరాక హెడ్‌సెట్ తీసి, బిళ్లలన్నీ పీకి వాటి కాగితానికి తిరిగి అంటించి, కొబ్బరినూనె సీసా బయటికి తీస్తాను.